పక్కనే ఉన్నట్టుంటే చాలదు

వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ పెట్టుకుని తల తిప్పితే దృశ్యమూ తిరుగుతుంది. ఎడమవైపు నుంచి పిలిస్తే ఆ పిలుపు ఎడమ చెవికే ముందు చేరుతుంది. అంతటితో దూరాన ఉన్నవాళ్లు పక్కనే ఉన్నట్టు మెదడుకు అనిపించవచ్చు. మనసుకు మాత్రం అది చాలదు. మనస్తత్వవేత్తలు డెసీ, రయాన్ చెప్పినట్టు దానికి మూడు కావాలి: సొంత ఇష్టం, చేతనవుననే ధీమా, నలుగురితో అనుబంధం. ఆ మూడూ దొరకనిచోట వీఆర్ పనికొస్తుందేమో చూడండి. తమిళనాడులో 2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరయ్యాక హోసూరు, కృష్ణగిరి పిల్లలకు తెలుగు చదువు ఇరుకైంది. అక్కడి కుర్రాడు వీఆర్‌లో నలుగురూ కలుసుకునే వీఆర్‌చాట్‌లో తన యాసలో కథ చెబితే, వినేవాళ్లు దగ్గరికి జరిగి తలూపితే, ఆ మూడూ ఒక్కసారే అందవచ్చు.

ఫోను చాలదా అంటారు. మాటకు చాలు, కలిసి కూర్చోవడానికి చాలదు. పిల్లలు ఊరి స్నేహాలకు దూరమవుతారన్న భయం సబబే. వీఆర్‌లోనైనా గుర్తించి పలకరించేవాళ్లు లేని గుంపులో ఒంటరితనమే మిగులుతుంది. కాబట్టి హోసూరు తెలుగు సంఘాలే పెద్దల తోడుతో వీఆర్‌చాట్‌లో ఒక గది తెరిచి, తమ ప్రాంతమైన మొరసునాడు కథలు చెప్పించాలి.