పట్టాలో వ్రాయని సంపద

ఇల్లు కట్టబూనిన గృహస్థుడు ముందుగా శంకుస్థాపన ముహూర్తమును విచారించును. ఇల్లాలు విచారించు సంగతులు వేరు. వానకాలమున పెరటి నీరు ఎటు పోవును? పాత పాక విప్పిన పిదప ఆవును ఎక్కడ కట్టుదుము? పని ముగియువఱకు పొయ్యి ఎక్కడ వెలుగును? ఈ ప్రశ్నలు చిన్నవిగా తోచును గాని ఇంటివారి సుఖము వీనిమీదనే ఆధారపడియున్నది. ఒక్క యింటికే ఇంత విచారము వలసియుండగా, ఒక మహానగరమును నిర్మించునపుడు ఎంత విచారము వలయునో సోదరీమణులు ఊహింపగలరు.

2014వ సంవత్సరము జూన్ 2వ తేదీన రాష్ట్రము రెండైన పిదప, ఆంధ్రప్రదేశమునకు నూతన రాజధానిగా అమరావతిని కృష్ణాతీరమున నిర్మింప ప్రభుత్వము సంకల్పించెను. తుళ్లూరు, మంగళగిరి, తాడేపల్లి మండలములలోని 29 గ్రామములు, 217 చదరపు కిలోమీటర్ల ప్రదేశము ఇందులకు నిర్ణయింపబడినవి. 2015లో భూసమీకరణ పద్ధతిని 28 వేలమందికి పైగా రైతులు 33 వేల ఎకరములకు మించిన భూమిని ఒప్పగించిరి. ఆ సంవత్సరము అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెమున ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిరి.

ఒప్పందము ఇట్లున్నది. జరీబు భూమి ఒక ఎకరమునకు, అనగా 4,840 చదరపు గజములకు మారుగా, వసతులేర్పఱచిన నగరములో 1,000 గజముల నివాసస్థలము, 450 గజముల వాణిజ్యస్థలము ఇత్తురు. మెట్టభూమికి వాణిజ్యస్థలము 250 గజములు. ఇదిగాక పదేండ్లవఱకు కౌలు చెల్లింతురు. జరీబు ఎకరమునకు మొదటి యేడు 50 వేల రూపాయలు, మెట్టకు 30 వేలు, ఆపై యేటేట కొంత హెచ్చు. పట్టా గల కుటుంబమునకు ఇది ఒక లెక్క. తక్కిన కుటుంబముల లెక్క యేమి? ఈ ప్రశ్ననే మా సోదరీమణుల యెదుట ఉంచదలచితిమి.

జరీబు భూములనగా ఏటి చేరువనుండి కొద్ది లోతుననే నీరు దొరకు భూములు. అరటి, పసుపు, కూరగాయలు, పూలు అచ్చట ఏడాది పొడుగున పండెడివి. అట్టి భూమిలో పని యెన్నడును తెగదు. నాట్లు, కలుపు, కోత, పూలు కోసి బుట్టల కెత్తుట మొదలగు పనులలో పెక్కు స్త్రీలవే. గట్టుమీది గడ్డి గేదెకును, చేనిలో మిగిలిన కాయ కూరకును, ఎండిన కంప పొయ్యిలోనికిని వచ్చెడివి. ఇవి ఏ పట్టాలోను వ్రాయబడలేదు. భూమి చేతులు మారిన దినముననే ఇవన్నియు పోయినవి.

భూమిలేని పేద కుటుంబమునకు తొలుత నిర్ణయించిన పింఛను నెలకు 2,500 రూపాయలు. ముప్పది దినములకు పంచిన దినమునకు 83 రూపాయలు. నలుగురున్న యింటిలో ఆ మొత్తముతో బియ్యము, పప్పు, నూనె, పాలు తెచ్చి పిల్లవానికి పలకయు కొనవలెనన్న ఏ యిల్లాలైనను నిట్టూర్పు విడువక మానదు. ఏమియు ఇయ్యలేదని మేము అనుటలేదు. కూలి పోయిన చోట మఱొక పని వచ్చినప్పుడే ఆ లెక్క సరిపడును. కలుపు తీసిన చేయి ఒక్కనాటిలో కార్యాలయపు పనికి అలవడదు. ఆ పని నేర్పుటకు కాలమును, ధనమును, ఓర్పును కావలెను.

భూమి నిచ్చిన రైతు గృహిణులకును కష్టము తప్పలేదు. 2019లో నిర్మాణము నిలిచెను, ఆ యేడు డిసెంబరులో మూడు రాజధానుల ప్రతిపాదము వచ్చెను. చేను పోయెను, నగరము రాలేదు. ఎన్నడును గడప దాటి సభల కెక్కని స్త్రీలు సంవత్సరముల తరబడి దీక్షాశిబిరములలో కూర్చుండిరి. 2024లో ప్రభుత్వము మాఱిన పిదప, 2025 మే 2న పనులు పునఃప్రారంభమైనవి. ఏ పక్షము మంచిది, ఏది చెడ్డది యను వివాదము మాకు వలదు. నగరము ఆలస్యమైనప్పుడు ఆ ఆలస్యపు ఖర్చు వంటయింటిలో చెల్లింపబడుచున్నదని మాత్రము చెప్పుచున్నాము.

ఇక నీటి సంగతి. ఇది మా కోనసీమవారికి బాగుగా తెలిసిన సంగతి. మా పి.గన్నవరమున వైనతేయ గోదావరిపై 49 కమానుల పాత అక్విడక్టు కలదు. కాటనుదొర కాలమున, 1850 ప్రాంతములలో కట్టబడినది. అవతలి లంకభూములకు నీరు కావలసి కాలువ తీసినవారు నదిని అడ్డగింపలేదు. నదికి దాని దారిని విడిచి, కాలువను కమానుల మీదుగా దాటించిరి. వరద క్రిందనుండి పోవును, కాలువ పైనుండి పోవును. నీటితో తగవుపడక పని నెఱవేర్చుకొను పద్ధతి ఇదియే.

అమరావతిలో కొండవీటి వాగు కలదు. కొండవీటి కొండలనుండి దిగి, ఆ పొలములగుండా ఉండవల్లి వైపునకు పోయి కృష్ణలో కలియును. కృష్ణ నిండియున్నప్పుడు వాగునీరు వెనుకకు తన్ని పొలములు మునిగెడివి. పొలము మునిగిన ఒక పంట పోవును. నగరము మునిగిన ఇండ్లు పోవును. ఈ నీటిని తోడి కృష్ణలో విడుచుటకు 2018లో ఉండవల్లి వద్ద 5,000 క్యూసెక్కుల ఎత్తిపోతల పథకము ప్రారంభింపబడినది. నీరుకొండ, కృష్ణాయపాలెము, శాఖమూరు చెరువుల నిర్మాణమును నిశ్చయించిరి. జాతీయ హరిత న్యాయస్థానము 2017 నవంబరులో నగర నిర్మాణమునకు అడ్డు చెప్పకయే, పర్యావరణ రక్షణకు షరతులు విధించెను. ఇవి కేవలము కాగితపు మాటలు కారాదు. 2024 సెప్టెంబరు ప్రారంభమున బుడమేరు పొంగి విజయవాడలోని సింగునగరు మొదలగు పేటలు దినముల తరబడి నీటిలోనుండుట మనము చూచితిమి. వాగు త్రోవ ఆక్రమించుకొన్న యిల్లు ఒక్కటియే యైనను, మునుగు ఇండ్లు వేలు.

ఆదిపర్వమున ఖాండవదహన కథ కలదు. అగ్ని వనమును చుట్టుముట్టగా, జరిత యను పక్షితల్లి రెక్కలు రాని నాలుగు పిల్లలను మోయలేక, విడువలేక తల్లడిల్లెను. ఆ మంటనుండి బయటపడినవారు ఆర్గురు మాత్రమే. అందు ఆ నాలుగు పిల్లలును గలవు, మయుడును గలడు. ఆ మయుడే పిమ్మట ధర్మరాజునకు దివ్యసభను కట్టి యిచ్చెను. సభను చూచి మెచ్చుకొనువారు పెక్కుమంది. జరితను తలచుకొనువారు కొద్దిమంది. నేటి నగర నిర్మాతలు జరితను ముందు తలచుకొనవలెనని మా ప్రార్థన.

2024 డిసెంబరులో ప్రపంచ బ్యాంకు అమరావతికి 80 కోట్ల డాలర్ల ఋణమును మంజూరు చేసినది. 2025లో రెండవ విడత భూసమీకరణమునకు ప్రభుత్వము పూనుకొన్నది. కావున ఈ మాటలు చెప్పుటకు ఇది తగిన సమయము. ఒక గ్రామమున భూమిని అడుగుటకు ముందు, పట్టాదారుల జాబితాతోపాటు కూలివారి జాబితాయు, కౌలురైతుల జాబితాయు, పశువుల లెక్కయు వ్రాయవలెను. తిరిగి యిచ్చు స్థలపు పత్రములలో భర్త పేరుతో భార్య పేరును చేర్చవలెను. పని నేర్పు పాఠశాల గోడలు లేచుటకు ముందే తెఱువవలెను. వాగుల గట్లను ఇండ్లకు అమ్మరాదు. కట్టడపు కూలికి వచ్చిన పరదేశపు తల్లుల బిడ్డలకు పాలును, పాఠమును, నీడయు ఏర్పాటు కావలెను.

మా మండలములోని లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు తమ గడప త్రొక్కిన ప్రతివానికిని అన్నము పెట్టిరి. ఆకలికి వారు పట్టా అడుగలేదు. కృష్ణాతీరపు గ్రామములలో మన ఆడపడుచులు, తోడికోడళ్లు, చెల్లెండ్రు ఎందఱో కాపురము చేయుచున్నారు. గ్రామసభ జరుగునాడు, "మగవారు చూచుకొందురులే" యని వారు ఇంట నుండరాదు. పొయ్యి సంగతి, నీటి సంగతి అడుగవలసినవారు వారే. ఈ సంగతిని మా సోదరీమణులు వారికి ఉత్తరము వ్రాసియో, ఫోనులో మాటలాడియో తెలుపుదురుగాక యని కోరుచున్నాము.