టాన్సిల్స్ ఆపరేషన్ తరువాత రెండు వారాలు: పిల్లల్ని ఇంట్లో ఎలా చూసుకోవాలి?

టాన్సిల్స్ తీయించిన పిల్లల్ని ఆసుపత్రి నుంచి మరునాడో, కొన్నిచోట్ల అదే రోజు సాయంత్రమో ఇంటికి పంపేస్తారు. పూర్తిగా కోలుకోవడానికి మాత్రం పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. అంటే చూసుకోవలసిందంతా ఇంట్లోనే. డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంటుంది, నర్సు కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో గబగబా నాలుగు మాటలు చెబుతుంది. పగలంతా పిల్లవాణ్ణి కనిపెట్టుకుని ఉండే అమ్మమ్మకో నాయనమ్మకో ఎవరూ విడమరచి చెప్పరు. అందుకే ముఖ్యమైన సంగతులు ఇక్కడ తెలుగులో చెప్పుకుందాం.

తగ్గిన నొప్పి మళ్లీ పెరుగుతుంది

టాన్సిల్స్ తీసిన చోట సాధారణంగా కుట్లు వేయరు. పుండు దానంతటదే మానాలి. మొదటి రెండు మూడు రోజులు పిల్లలు కాస్త తేరుకున్నట్టు కనిపిస్తారు. నాలుగో రోజు నుంచి ఏడో రోజు మధ్య నొప్పి మళ్లీ పెరగవచ్చు. ఆపరేషన్ సరిగా చేయలేదేమోనని కంగారు పడనక్కర లేదు. చెవి పోటు అని ఏడ్చినా భయపడవద్దు. గొంతుకు, చెవికి వెళ్లే నరం ఒకటే కాబట్టి గొంతు నొప్పి చెవిలో తెలుస్తుంది.

గొంతులో రెండు పక్కలా తెల్లగానో, కాస్త పసుపుగానో పొర కడుతుంది. నోరు వాసన వస్తుంది. అది చీము కాదు, మానుతున్న పుండు మీది పక్కు. దాన్ని వేలితోగానీ గుడ్డతోగానీ తుడవకూడదు. పసుపు, మిరియాల పొడి అద్దకూడదు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందనే సామెత మనకు ఉండనే ఉంది.

మందు గడియారం చూసి వేయాలి

నొప్పి వచ్చాక మందు వేస్తే అది పనిచేసేలోగా పిల్లలు నీళ్లు కూడా మింగరు. మొదటి వారం డాక్టరు చెప్పిన వేళకు తప్పకుండా వేయాలి. అన్నం పెట్టే అరగంట ముందు వేస్తే మింగడం తేలికవుతుంది.

పారాసెటమాల్ సిరప్‌లు రెండు మూడు బలాల్లో దొరుకుతాయి. ఐదు మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములు ఉండేది ఒకటి, 250 ఉండేది మరొకటి. రెండోది మొదటిదానికి రెట్టింపు. సీసా మారితే కొలత మారుతుంది. వంటింటి చెంచాతో కాక సీసాతో వచ్చిన కప్పుతోనో సిరంజితోనో కొలవాలి. జలుబు సిరప్‌లు చాలావాటిలో పారాసెటమాల్ కలిసే ఉంటుంది కనుక రెండూ కలిపి వేయకూడదు. పిల్లలకు ఆస్పిరిన్ వద్దు. పెద్దల నొప్పి మాత్రలు విరిచి వేయవద్దు. కోడీన్ ఉన్న మందులు ఈ ఆపరేషన్ అయిన పిల్లలకు ఊపిరి అందకుండా చేసే ప్రమాదం ఉంది. అందుకే వీరికి వాటిని ఇవ్వకూడదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లోనే హెచ్చరించింది.

తిండి కంటే నీళ్లు ముఖ్యం

రెండు మూడు రోజులు అన్నం సరిగా తినకపోయినా ఫరవాలేదు, నీళ్లు తాగకపోతేనే ప్రమాదం. గొంతు ఎండితే నొప్పి పెరుగుతుంది, నొప్పికి ఇంకా తాగరు. మెలకువగా ఉన్నంతసేపూ పావుగంటకోసారి రెండు గుక్కలైనా పట్టించాలి. పలుచని మజ్జిగ, కొబ్బరి నీళ్లు, చల్లారిన రాగిజావ, పాలు ఏవైనా సరే.

చల్లనివి తింటే జలుబు చేస్తుందని, పెరుగు తింటే చీము పడుతుందని మన పెద్దవాళ్లు వారిస్తారు. ఈ ఆపరేషన్ తరువాత చల్లదనం గొంతుకు హాయినిస్తుంది. పెరుగన్నం, ఐస్‌క్రీమ్ నిరభ్యంతరంగా పెట్టవచ్చు. మెత్తని పప్పన్నం, పాలలో నానిన ఇడ్లీ, అరటిపండు మంచివి. పొగలు కక్కేవి, కారం, పులుసు, నిమ్మ, బత్తాయి రసాలు మంట పుట్టిస్తాయి. అప్పడాలు, జంతికలు, చేగోడీలు గీసుకుంటాయి. ఎర్ర రంగు పానీయాలు ఇవ్వవద్దు, వాంతి అయితే అది రక్తమో రంగో తెలియదు.

ఎనిమిది గంటలు మూత్రం రాకపోయినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, మగతగా పడి ఉన్నా వెంటనే డాక్టరుకు చూపించాలి. జ్వరం 101.5 డిగ్రీలు దాటినా ఫోన్ చేయాలి.

రక్తం కనిపిస్తే ఆగవద్దు

మొదటి 24 గంటల్లోనూ, మళ్లీ ఐదో రోజు నుంచి పదో రోజు మధ్య పక్కు ఊడేటప్పుడూ రక్తం కారే అవకాశం ఉంటుంది. పిల్లవాడు ఆడుకుంటున్నాడు కదా అని మనం ఏమరుపాటుగా ఉండే రోజులు సరిగ్గా అవే. నోటి నుంచి ఎర్రటి రక్తం వచ్చినా, రక్తపు వాంతి అయినా, నిద్రలో మాటిమాటికీ గుటకలు వేస్తున్నా అశ్రద్ధ చేయకూడదు. పిల్లవాణ్ణి కూర్చోబెట్టి ముందుకు వంచి, రక్తం మింగకుండా ఉమ్మేయమనాలి. వెల్లకిలా పడుకోబెట్టకూడదు. తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కాసేపటికి రక్తం ఆగినా సరే వెళ్లవలసిందే.

చిన్నపిల్లలు 'నొప్పి' అంటే అక్కడి నర్సుకు అర్థం కాకపోవచ్చు. కన్నడంలో నోవు, తమిళంలో వలి అని మనమే ముందుగా చెప్పి ఉంచాలి. రక్తం మాట మాత్రం అందరికీ దగ్గరే. కన్నడం, ఒడియా, మరాఠీల్లో రక్త, తమిళంలో రత్తం.

బడి, ప్రయాణాలు

రెండు వారాలు బడి, పరుగులు, గుంపుల్లోకి వెళ్లడం మానిపించాలి. ఇంట్లో సాంబ్రాణి పొగ, సిగరెట్ పొగ ఉండకూడదు. పళ్లు మెల్లగా తోమించవచ్చు, గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయించవచ్చు. సెలవు దొరికింది కదా అని సొంతూరికో తిరుమలకో బయలుదేరవద్దు. కోలారు నుంచి బెంగళూరుకు, యానాం నుంచి కాకినాడకు, రాయగడ నుంచి విశాఖకు వెళ్లి ఆపరేషన్ చేయించుకునేవారు, రాత్రివేళ రక్తం కనబడితే దగ్గరలో ఏ ఆసుపత్రిలో చెవి ముక్కు గొంతు డాక్టరు దొరుకుతారో ఇంటికి బయలుదేరే ముందే అడిగి తెలుసుకోవాలి. ఆ ఫోన్ నంబరు ఇంట్లో పెద్దవాళ్లకు కనబడేలా గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.