అడిగింది ఐదుగురు, జవాబు పన్నెండేళ్లకు
ఒంగోలు 'ప్రార్థన కొండ' కథ

ఒంగోలు: ఇక్కడి 'ప్రార్థన కొండ' పేరు వినని క్రైస్తవ కుటుంబం చుట్టుపక్కల పల్లెల్లో అరుదు. అయితే ఆ కొండ మీద ఎవరు ప్రార్థించారు, ఏమని అడిగారు అంటే మాత్రం చాలామంది నీళ్లు నములుతారు.

అది 1854 జనవరి 1వ తేదీ. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది. తెలతెలవారుతుండగా ఐదుగురు కొండ ఎక్కారు. నెల్లూరు నుంచి వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, నర్సు అనే బోధకుడు, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు క్రైస్తవ స్త్రీలు. పాట పాడుకున్నారు, వాక్యం చదువుకున్నారు, ఒకరి తర్వాత ఒకరు మోకరించి ప్రార్థించారు. ఒంగోలుకు ఒక మిషనరీని పంపించమన్నదే వారి మనవి. సొంత ఇంటి కోసం కాదు, కింద కనిపిస్తున్న ఊళ్ల కోసం అడిగారన్న మాట. వెలుగు వచ్చాక జ్యూయెట్ దొర నాగజెముడు కమ్మిన ఒక మెరక నేలను చూపించి, అక్కడ మిషను బంగళా ఉంటే బాగుండదా అని జూలియాను అడిగాడట.

ఆ బంగళాలో కాపురానికి మనిషి రావటానికి పన్నెండేళ్లు పట్టింది. 1866లో జాన్ క్లౌ దొర కుటుంబంతో ఒంగోలు చేరాడు. ఈలోగా, ఫలితం లేని ఈ తెలుగు మిషనును మూసేద్దామా అని అమెరికాలోని సంఘం వారు తర్జనభర్జన పడ్డారు కూడా. రాత్రి మోకరించి పొద్దున్నే లేచి వాకిట్లోకి చూసేవారు ఈ పన్నెండేళ్లను ఒకసారి లెక్కపెట్టుకోవాలి.

వచ్చిన కొద్దికాలానికే క్లౌ దొరకు పెద్ద చిక్కు ఎదురైంది. ఒంగోలుకు పడమర తాళ్లకొండపాడులో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద ఉండేవాడు. తోళ్ల వ్యాపారం చేసేవాడు. 1866లో ఆయన బాప్తిస్మం తీసుకున్నాడు. 1867 జనవరిలో క్లౌ ఆ వైపు వెళ్లి గుడారం వేసి బోధిస్తే, మరి 28 మంది చేరారు. వీరిని చేర్చుకుంటే మేము రామని ఒంగోలులోని పై కులాల వారు తేల్చి చెప్పేశారు. ఏం చేయాలో దొరకు పాలుపోలేదు. తన గదిలోకి వెళ్లి బైబిలు చేతికి తీసుకుంటే, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం కంటపడింది. దేవుడు గొప్పవారిని కాక, లోకం చిన్నచూపు చూసేవారిని ఏర్పరచుకున్నాడని చెప్పే మాటలవి. విచిత్రమేమంటే, వేరే గదిలో ఆయన భార్య కూడా అదే వేళ అదే భాగం చదివింది. ఇద్దరూ కలిసి మాట్లాడుకున్నప్పుడు గాని ఆ సంగతి బయటపడలేదు. మాదిగవారికి తలుపు తెరిచే ఉంచారు. దీన్ని కొందరు మహిమ అంటారు, కొందరు కాకతాళీయం అంటారు. ఏదైనా, ఆ రోజు ప్రార్థన వల్ల వచ్చింది లాభం కాదు, నష్టమే. పలుకుబడి గలవారు దూరమయ్యారు.

పల్లెల్లో చేరినవారికి కష్టాలు ఇంకా ఎక్కువ. ఆదివారం ప్రార్థన రోజు, పనికి రామన్నారు. జాతరలో డప్పు కొట్టమన్నారు. చచ్చిన గొడ్డు మాంసం తినమన్నారు. ఊరు ఊరుకుంటుందా? బావి నీళ్లు బందయ్యాయి, దెబ్బలు పడ్డాయి, కొందరు జైలు కూడా చూశారు.

తర్వాత 1876-78 నాటి ధాత కరువు. క్లౌ దొర ప్రార్థిస్తూ గదిలో కూర్చోలేదు. బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం కంట్రాక్టు తీసుకుని వేల మందికి కూలి చూపించాడు. బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు. పని ఆగిన వేళల్లో వాక్యం చెప్పేవారు, ప్రార్థన చేసేవారు. బాప్తిస్మం మాత్రం ఎవరు అడిగినా ఇవ్వలేదు. గంజి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ కట్టుబాటు. సహాయం పంపకం ముగిశాకే 1878 జూన్‌లో మళ్లీ మొదలుపెట్టారు. జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా నీళ్లలో దిగి వంతుల మీద ఇచ్చారు. దొర నీళ్లలో దిగలేదు.

పల్లెల్లో ఇప్పటి ప్రార్థన అంత పెద్ద కథ కాదు. శుక్రవారం పొద్దున స్త్రీలు పచ్చి గంగ ముట్టకుండా గుడికి వస్తారు. చెప్పులు బయట విడిచి, తల మీద కొంగు కప్పుకుని చాప మీద మోకరిస్తారు. చదువురాని వారికీ పరలోక ప్రార్థన నోటికి వచ్చు. మిగతాదంతా ఇంట్లో తండ్రితో మాట్లాడినట్టు సొంత మాటల్లోనే. గది తలుపు వేసుకుని రహస్యంగా ప్రార్థించమని క్రీస్తు చెప్పగా, కొన్నిచోట్ల మైకు పెట్టి మూడు ఊళ్లకు వినిపించటం ఎందుకో ఈ విలేకరికి అర్థం కాదు. స్త్రీల కూడికలో ఆ గోల ఉండదు. ఒకామె పక్కింటి పిల్లవాడి పరీక్ష గురించి అడుగుతుంది. ఇంకొకామె మంచాన పడిన పొరుగు మనిషిని లేపమంటుంది. వాన అడిగేటప్పుడు మా చేను అనరు, మా ఊరు అంటారు. ఆ ఊళ్లో ఒకప్పుడు వారి పెద్దలకు నీళ్లు బందు చేసిన వారి చేలూ ఉంటాయి.

మధ్యాహ్నం మూడు గంటలకు ఆమెన్ అంటారు. ఉపవాసం విడిచి, చాపలు చుట్టి, కలుపు మిగిలిన వాళ్లు చేలకు వెళ్తారు.