యూకేలో హాస్పిటల్‌కి వెళ్లిన ట్రైన్ డబ్బులు వెనక్కి తెచ్చుకోవచ్చు, ఇలా!

ఈ ఎపిసోడ్ ఇంగ్లాండ్‌లో చదువుకుంటున్న మనవాళ్ల కోసం. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని వచ్చే ఇన్‌టేక్‌కి సూట్‌కేసులు సర్దుకుంటున్నవాళ్లు కూడా వినండి. ఎందుకంటే ఈ సంగతి ఏ కన్సల్టెన్సీ వాళ్లూ చెప్పరు. ఇందులో వాళ్లకి కమీషన్ లేదు మరి!

స్టూడెంట్ వీసాకి అప్లై చేసేటప్పుడు ఏడాదికి 776 పౌండ్ల లెక్కన హెల్త్ సర్‌చార్జ్ కట్టారు కదా. అందుకే అక్కడ జీపీ చూసినా, అంటే మన ఏరియా డాక్టర్ చూసినా, హాస్పిటల్లో స్కాన్ తీసినా బిల్లు ఇవ్వరు. బాగానే ఉంది. కానీ ఆ హాస్పిటల్‌ దాకా వెళ్లే టికెట్ మాత్రం మన జేబులోంచే.

ఒక ఉదాహరణ చెప్తాను. హాట్‌ఫీల్డ్‌లో మనవాళ్లు చాలామంది చదువుతున్నారు. అక్కడ ఒకతనికి వేర్‌హౌస్ షిఫ్టుల్లో బరువులు ఎత్తి మోకాలు పట్టేసింది అనుకుందాం. జీపీ చూసి స్టీవనేజ్‌లో ఉన్న లిస్టర్ హాస్పిటల్‌కి రెఫర్ చేశారు. రానూపోనూ 10 పౌండ్లు వేసుకుందాం, అసలు ధర టైమ్‌ని బట్టి మారుతుంది. ఒకరోజు ఎమ్మారై, ఇంకోరోజు రిపోర్ట్ చూపించడానికి, తర్వాత రెండుసార్లు ఫిజియో. నాలుగు ట్రిప్పులకి 40 పౌండ్లు. పైగా వెళ్లిన ప్రతిసారీ షిఫ్ట్ పోతుంది. అప్పుడు మనవాడు ఏం చేస్తాడు? రెండో అపాయింట్‌మెంట్ ఎగ్గొట్టి, ఇంటినుంచి తెచ్చుకున్న నొప్పి మాత్ర వేసుకుని లాగించేస్తాడు. చికిత్స ఫ్రీ అయి కూడా చార్జీల దగ్గర ఆగిపోవడం అంటే ఇదే.

ఆ చార్జీలు తిరిగి ఇవ్వడానికి ఒక స్కీమ్ ఉంది. పేరు హెల్త్‌కేర్ ట్రావెల్ కాస్ట్స్ స్కీమ్. ఆదాయం తక్కువున్నవాళ్ల కోసం ఎన్‌హెచ్‌ఎస్ పెట్టింది.

ఇక్కడ అందరూ అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, గవర్నమెంట్ డబ్బు తీసుకుంటే వీసా పోతుందంటగా?" భయం ఊరికే రాలేదు. మన వీసాకి 'పబ్లిక్ ఫండ్స్ తీసుకోకూడదు' అనే షరతు ఉంటుంది. యూనివర్సల్ క్రెడిట్ లాంటివి ఆ పబ్లిక్ ఫండ్స్‌లోకి వస్తాయి, వాటి జోలికి అస్సలు వెళ్లకండి. కానీ ఎన్‌హెచ్‌ఎస్ లో ఇన్‌కమ్ స్కీమ్ కింద వచ్చే సాయం ఆ లెక్కలోకి రాదు. గందరగోళం ఎక్కడొస్తుందంటే, చార్జీల స్కీమ్‌లోకి వెళ్లడానికి రెండు దారులున్నాయి. ఒకటి, యూనివర్సల్ క్రెడిట్ లాంటి బెనిఫిట్ తీసుకుంటూ ఉండటం. అది మనది కాదు. రెండోది, ఆదాయం తక్కువని చూపించి హెచ్‌సీ2 అనే సర్టిఫికెట్ తెచ్చుకోవడం. మన దారి ఇది. మొదటి దారి గురించి చదివి, రెండోదాన్ని కూడా వదిలేసుకునేవాళ్లే ఎక్కువ.

హెచ్‌సీ2 రావాలంటే హెచ్‌సీ1 ఫారమ్ నింపాలి. ఎన్‌హెచ్‌ఎస్ బిజినెస్ సర్వీసెస్ అథారిటీ సైట్‌లో ఆన్‌లైన్‌లో చేయొచ్చు, కాగితం ఫారమ్ కూడా ఉంది. సేవింగ్స్ 16,000 పౌండ్లు దాటితే రాదు. దాని లోపల ఉంటే మీ ఆదాయం, రెంటు చూసి లెక్కేస్తారు. పార్ట్‌టైమ్ జీతం, నాన్న పంపే డబ్బు, అకౌంట్‌లో ఉన్న లోన్ డబ్బు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు రాయండి. భార్యో భర్తో మీతో ఉంటే వాళ్ల సంపాదన కూడా కలుపుతారు. తక్కువ రాసి తెలివి చూపించొద్దు ప్లీజ్, పరాయి దేశంలో ఆ తలనొప్పి మనకెందుకు.

లెక్క తేలాక హెచ్‌సీ2 వస్తే పూర్తి సాయం. కొంచెం ఎక్కువ ఆదాయం ఉంటే హెచ్‌సీ3 వస్తుంది. అంటే ఇంతవరకు మీరే పెట్టుకోండి, ఆ పైది మేమిస్తాం అని.

సర్టిఫికెట్ ఉందని ప్రతి ప్రయాణానికీ ఇవ్వరు. జీపీ దగ్గరికి వెళ్లిన చార్జీ రాదు. డెంటిస్ట్ దగ్గరికి మామూలు చెకప్‌కి వెళ్తే రాదు. హాస్పిటల్లో ఉన్న రూమ్మేట్‌ని చూడ్డానికి వెళ్తే రాదు. జీపీయో, డెంటిస్టో, ఇంకో డాక్టరో మిమ్మల్ని ఎన్‌హెచ్‌ఎస్ ఖర్చుతో జరిగే స్కాన్‌కో చికిత్సకో పంపాలి. దానికోసం మీరు విడిగా ఇంకో ట్రిప్ వెళ్లాలి. జీపీ చూసిన రోజే, అదే బిల్డింగ్‌లో పై ఫ్లోర్‌లో రక్తం తీశారనుకోండి, దానికి రాదు.

మీ ఆరోగ్యానికి, వయసుకి సరిపోయే వాటిలో చవకైన ప్రయాణమే లెక్క. బస్సు, ట్రైన్ ఓకే. సొంత కారైతే పెట్రోల్‌కి, తప్పనిసరి పార్కింగ్‌కి అడగొచ్చు. ఊబర్ ఎక్కి బిల్లు చూపిస్తే మాత్రం కుదరదు. నడవలేని పరిస్థితిలో ట్యాక్సీ అవసరమైతే, ఎక్కకముందే హాస్పిటల్‌తో మాట్లాడి ఒప్పించుకోవాలి. తోడు మనిషి అవసరమని అక్కడి డాక్టరో నర్సో చెబితే ఆ మనిషి చార్జీలూ వస్తాయి.

ఇక డబ్బు చేతికెలా వస్తుంది? అపాయింట్‌మెంట్ అయ్యాక రిసెప్షన్‌లో 'క్యాషియర్స్ ఆఫీస్ ఎక్కడ' అని అడగండి. అన్ని హాస్పిటల్స్‌లో ఆ పేరే ఉండదు, కొన్నిచోట్ల వేరే కౌంటర్‌లో చూస్తారు. టికెట్ లేదా రసీదు, అపాయింట్‌మెంట్ లెటర్, హెచ్‌సీ2, ఈ మూడూ చూపించాలి. లెటర్ ఫోన్‌లో ఎన్‌హెచ్‌ఎస్ యాప్‌లోనే ఉందా, ఒక ప్రింట్ తీసి పెట్టుకోండి. లండన్‌లో కార్డు ట్యాప్ చేసి తిరిగితే చేతిలో టికెట్ ఉండదు కాబట్టి, ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ అకౌంట్‌లో జర్నీ హిస్టరీ డౌన్‌లోడ్ చేయండి.

కౌంటర్ మూసేశారా? లేదా అప్పటికి హెచ్‌సీ2 చేతికి రాలేదా? కంగారు లేదు. హెచ్‌సీ5(టీ) అనే ఫారమ్ నింపి పోస్టులో పంపొచ్చు. హెచ్‌సీ1 ఇంకా పెట్టకపోతే అదీ కలిపి పంపండి. గడువు అపాయింట్‌మెంట్ రోజు నుంచి 3 నెలలు. మన హాట్‌ఫీల్డ్ అబ్బాయికి నాలుగు ట్రిప్పులుంటే నాలుగింటికీ గడువు విడివిడిగా నడుస్తుంది. చివరిదాకా ఆగి ఒకేసారి పంపుదాంలే అనుకుంటే మొదటి ట్రిప్పు గడువు దాటిపోవచ్చు. ఇంకో మాట, టికెట్ కొనడానికే చేతిలో డబ్బు లేకపోతే ముందే హాస్పిటల్‌కి ఫోన్ చేసి అడ్వాన్స్ ఇస్తారా అని అడగొచ్చు. ఇందులో మొహమాటం ఏం లేదు, స్కీమ్‌లోనే ఉన్న వెసులుబాటు అది.

నేనైతే ఈ ట్రిప్పుల కోసమే కాదు, ఇంగ్లాండ్‌లో దిగిన మొదటి నెలల్లోనే హెచ్‌సీ1 పెట్టమంటాను. ఎందుకంటే అదే హెచ్‌సీ2 మీద ఎన్‌హెచ్‌ఎస్ మందులు, ఎన్‌హెచ్‌ఎస్ పంటి చికిత్స, కంటి పరీక్ష కూడా ఫ్రీ. కళ్లద్దాలకీ సాయం వస్తుంది. ఇంగ్లాండ్‌లో ప్రిస్క్రిప్షన్ మీద ఒక్కో మందుకి 2024 మే నుంచి 9.90 పౌండ్లు, మూడు మందులు రాస్తే దాదాపు 30 పౌండ్లు. స్కాట్లాండ్, వేల్స్‌లో ఉన్నవాళ్లకి మందులు ఎలాగూ ఫ్రీయే. చార్జీల సాయం అక్కడా ఉంది కానీ ఫారాలు, రూల్స్ కొంచెం వేరు, అక్కడి ఎన్‌హెచ్‌ఎస్ సైట్‌లో చూసుకోండి.

సర్టిఫికెట్ మీద ఎప్పటినుంచి ఎప్పటివరకు అనే తేదీలు ఉంటాయి. రాగానే ఫొటో తీసి, చివరి తేదీకి నెల ముందు ఫోన్‌లో రిమైండర్ పెట్టేసుకోండి. అది తనంతట తాను రెన్యూ అవ్వదు, మళ్లీ అప్లై చేయాలి.