అగ్గిపెట్టె అట్టపై పుట్టిన పాట

రేడియోలో పాట వినుచున్నపుడు అది ఎచ్చట బయలుదేరి మన యింటికి చేరినదో సామాన్యముగా ఆలోచింపము. 'టెనెసీ వాల్ట్జ్' అను అమెరికా పల్లెపాటకు పుట్టుకయు రేడియో మూలముననే కలిగినది.

1946వ సంవత్సరమున పీవీ కింగ్, రెడ్ స్టీవర్ట్ అను మేళగాండ్రు సామానుల లారీలో నాష్‌విల్ నగరమునకు పోవుచుండిరి. లారీలోని రేడియోలో బిల్ మన్రో పాడిన 'కెంటకీ వాల్ట్జ్' వినవచ్చినది. కెంటకీకి ఒక వాల్ట్జ్ ఉండగా టెనెసీకి ఏల ఉండరాదని వారికి తోచినది. వరుస కొత్తగా కట్టవలసిన పని లేదు. పేరులేని వాల్ట్జ్ ఒకటి వారి మేళము అంతకుముందే వాయించుచుండెడిది. స్టీవర్ట్ ఒక పెద్ద అగ్గిపెట్టెను విప్పి దాని అట్టపై మాటలు వ్రాసికొనెను.

వాల్ట్జ్ అనగా మూడు మాత్రల నడక గల నాట్యగీతము. మొదటి దెబ్బ బరువుగను, తక్కిన రెండును తేలికగను పడును. మన తిస్రగతి ఎరిగిన చెవికి ఇది పరాయిది కాదు. కథ మిక్కిలి చిన్నది. ప్రియజనముతో నాట్యమాడుచుండగా పాతమిత్రులొకరు ఎదురగుట, పరిచయము చేయుట, ఆ మిత్రులే ప్రియజనమును అపహరించుట, అంతే. ఆ రాత్రి మ్రోగిన వాల్ట్జ్‌ను తలచుకొని దుఃఖించుటయే పాట. అయితే ఆ వాల్ట్జ్ మనము వినుచున్న ఇదియేనా, వేరొకటియా? పాట చెప్పదు. దాని ఆకర్షణ అందే యున్నదని మేము తలంతుము.

కింగ్ మేళము రికార్డు 1948లో వెలువడి పల్లెపాటల శ్రోతలను మెప్పించినది. ఆనాడు అమెరికాలో రికార్డుల వ్యాపారము అరలుగా చీలియుండెను. పల్లెల తెల్లవారి పాటలొక అర, నల్లజాతివారి పాటలొక అర, నగరములలో చెల్లు పాపులర్ పాటలొక అర. ఈ పాట రెండు గోడలను దాటినది. ఎర్స్‌కిన్ హాకిన్స్ అను నల్లజాతి వాద్యబృంద నాయకుడు దానిని తన ఫక్కిలో రికార్డు చేసెను. 'బిల్‌బోర్డ్' పత్రికలో పనిచేయుచుండిన జెర్రీ వెక్స్‌లర్ అది విని, గాయని పాటీ పేజ్ మేనేజరుకు సూచించెను.

ఈమె అసలు పేరు క్లారా ఆన్ ఫౌలర్. టల్సాలోని రేడియో కేంద్రమున పేజ్ పాల కంపెనీవారి కార్యక్రమములో పాడుటచే ఆ పేరు వచ్చి, జీవితాంతము నిలిచినది. మెర్క్యురీ కంపెనీవారు 1950లో వెలువరించిన రికార్డునకు ముందువైపు ఒక క్రిస్మస్ పాట. అమ్ముడుపోవునని వారు నమ్మినది దానినే. మన పాట వెనుకవైపున పడినది. జనులు రికార్డును త్రిప్పి పెట్టుకొనిరి. బిల్‌బోర్డ్ పాపులర్ పట్టికలో అది 9 వారములు మొదటి స్థానమున నుండెను. పల్లెపాటల పట్టికలోను రెండవ స్థానమునకు చేరెను.

ఆ రికార్డులో వినిపించు జంటస్వరములు ఇద్దరివి కావు. మొదట పాడినదానిని మరల మ్రోయించుచు, దానితో కలిసి ఆమెయే మరియొక స్వరము పాడగా రెండును ఒకటిగా ఎక్కించిరి. మోసపోయినవారు ఒంటరిగా తమకు తామే తోడు పాడుకొనినట్లుండును. ఇది ఉద్దేశించి చేసినదని మేము అనము గాని, పాటకు చక్కగా అమరినది.

పల్లెపాటకు నగరవేషము వేసిరని నిందించుట సులభమే. ఫిడేలు, అకార్డియను మరుగుపడిన మాట నిజము. నడక మాత్రము చెడలేదు. 1952లో జపానునందు చియెమి ఎరి అను బాలిక దీనిని పాడి పేరొందెను. 1965లో టెనెసీ రాష్ట్రము దీనిని తన అధికార గీతములలో చేర్చుకొనెను.

వీలైనచో ముందు కింగ్ మేళము రికార్డును, పిదప పాటీ పేజ్ రికార్డును వరుసగా వినుడు. రెండవదానిలో ఆ తోడుగొంతు ఎచ్చట ప్రవేశించునో గమనింపుడు.