మూడు వందల కిలోమీటర్లకు గంట ఎందుకు?

సింగపూర్‌లోని చాంగీ విమానాశ్రయం నుంచి కౌలాలంపూర్ విమానాశ్రయానికి దూరం 300 కిలోమీటర్ల కంటే కొద్దిగా తక్కువ. చాంగీ నుంచి బ్యాంకాక్‌లోని సువర్ణభూమి విమానాశ్రయానికి సుమారు 1,410 కిలోమీటర్లు. ఇవి మహావృత్త దూరాలు, అంటే భూకేంద్రం మీదుగా పోయే తలం భూమి ఉపరితలాన్ని ఖండించినప్పుడు ఏర్పడే వృత్తంపై ఆ రెండు స్థలాల నడుమనున్న చిన్న చాపం పొడవులు. గోళంపై ఇంతకన్నా దగ్గరి దారి ఉండదు. రెండో దూరం మొదటిదానికి దాదాపు అయిదు రెట్లున్నా, కాలపట్టికలు మొదటి ప్రయాణానికి సుమారు గంటా అయిదు నిమిషాలు, రెండోదానికి సుమారు రెండు గంటలా ఇరవై అయిదు నిమిషాలు మాత్రమే చూపుతాయి. ఆ లెక్కన సగటు వేగం మొదటి దారిలో గంటకు 275 కిలోమీటర్లకు, రెండో దారిలో 580 కిలోమీటర్లకు అటూ ఇటూగా తేలుతుంది.

జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్లకు పైగా వేగంతో పోగలిగినా సగటు ఇంతగా పడిపోవడానికి మొదటి కారణం, టికెట్‌పై కనిపించే కాలం గాలిలో గడిపే కాలం కాకపోవడమే. అది బ్లాక్ టైమ్. విమానం నిలిచిన చోటి నుంచి కదిలిన క్షణం మొదలుకొని గమ్యంలో మళ్లీ నిలిచే వరకు గడిచే కాలం. రన్‌వే దాకా నేలపై సాగే నడక, ముందున్న విమానాల కోసం నిరీక్షణ అందులో చేరి ఉంటాయి, ప్రయాణం పొట్టిదైనంత మాత్రాన ఇవి తగ్గవు. రెండో కారణం మరింత ఆసక్తికరమైనది. 35,000 అడుగుల ఎత్తు నుంచి సాఫీగా దిగడానికి, వెయ్యి అడుగులకు మూడు నాటికల్ మైళ్ల చొప్పున, 190 కిలోమీటర్లకు పైగా దూరం కావాలి, ఎక్కడానికీ చాలా దూరమే పడుతుంది. కాబట్టి 300 కిలోమీటర్ల దారిలో విమానం ఆ ఎత్తును అందుకోదు, అందుకున్నా అక్కడ ఉండేందుకు వ్యవధి లేదు. 10,000 అడుగులకు దిగువన సాధారణంగా 250 నాట్ల వేగపరిమితి కూడా ఉంటుంది.

బ్యాంకాక్ ప్రయాణంలో గడియారం మరో చిక్కు తెస్తుంది. సింగపూర్‌లో ఉదయం 9 గంటలకు బయలుదేరిన విమానం అక్కడి కాలం ప్రకారం 10.25కే చేరుతుంది, అదే వేళకు అటు నుంచి బయలుదేరినది సింగపూర్‌కు 12.25కు వస్తుంది, ఈ తేడాకు కారణం ఎదురుగాలి కాదు, థాయిలాండ్ కాలం ఒక గంట వెనుక ఉండటం. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది గనుక, సుమారు మూడుంబావు డిగ్రీల రేఖాంశ భేదమున్న ఈ నగరాల సూర్యోదయ కాలాల మధ్య రేఖాంశం వల్ల వచ్చే తేడా పదమూడు నిమిషాలే; మిగిలినదంతా ప్రభుత్వాల నిర్ణయం. 1982 జనవరి 1న ద్వీపకల్ప మలేషియా తన గడియారాన్ని అరగంట ముందుకు జరిపి సబా, సరవాక్‌ల కాలంతో కలిసిపోగా, సింగపూర్ కూడా దాన్ని అనుసరించింది.

కౌలాలంపూర్ విమానాశ్రయం నగరానికి సుమారు 50 కిలోమీటర్ల దూరాన ఉండటంతో, గంట ప్రయాణానికి ముందు వెనుకల పట్టే కాలం ఆ గంటను మించిపోతుంది. అయినా కోవిడ్‌కు ముందు ఈ దారిలో ఏటా 30 వేలకు పైగా విమానాలు తిరిగేవి. నగరాలలోనే స్టేషన్లుండేలా, 350 కిలోమీటర్లను 90 నిమిషాలలో దాటే రైలుమార్గానికి రెండు దేశాలు 2016లో ఒప్పందం చేసుకున్నది ఈ దారికే. ఆ ఒప్పందం రద్దయినట్లు 2021 జనవరి 1న ప్రకటించాయి.