మీకు తెలుసా? గని గుట్టల మీద గడ్డిని నిలబెట్టే శిలీంధ్రాలు

* అమెరికాలో కాన్సాస్, మిస్సోరీ, ఓక్లహోమా రాష్ట్రాలు కలిసేచోట సీసం, జింకు గనులు 1970 నాటికి మూతపడ్డాయి. ఖనిజం తీయగా మిగిలిన రాతి నలుసులు మాత్రం గుట్టలై నిలిచాయి. వాటిలో సీసం, జింకు, కాడ్మియం ఎక్కువ. భాస్వరం, సేంద్రియ పదార్థం బాగా తక్కువ.

* ఇలాంటి చోట గడ్డి బతకడానికి మైకోరైజా శిలీంధ్రాలు తోడ్పడతాయి. ఇవి వేరు కణాల్లోకి చొరబడి, బయట మట్టిలోకి వెంట్రుక కన్నా సన్నని పోగులు చాస్తాయి. వేరుకు అందని భాస్వరాన్ని తెచ్చి ఇస్తాయి. బదులుగా మొక్క వాటికి చక్కెరలు, కొవ్వులు ఇస్తుంది. కొంత లోహం ఆ పోగుల్లోనే చిక్కుకుంటుంది.

* అన్ని గడ్డి జాతులకూ వీటి అవసరం ఒకేలా ఉండదు. ప్రెయిరీ మైదానాల్లో మనిషెత్తు పెరిగే బిగ్ బ్లూస్టెమ్‌కు ఇవి లేకుంటే ఎదుగుదల కష్టం. చల్లని వాతావరణంలో ఎదిగే గడ్డి జాతులు చాలావరకు ఇవి లేకున్నా నెట్టుకొస్తాయి.

* గడ్డి మొలిచినంత మాత్రాన విషం పోదు. దుమ్ము లేవడం, వాన నీటికి మట్టి కొట్టుకుపోవడం తగ్గుతాయి. పశువులను మేపాలంటే మాత్రం ముందుగా గడ్డిలో లోహాల మోతాదు పరీక్షించాల్సిందే.